అనాటమీ పుస్తకం తెరిస్తే నిద్రొస్తోందంటున్న పాపకు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది మైదుకూరు దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు కడపలో ఇంటర్ ఒకేషనల్, ఎం.పి.హెచ్.డబ్ల్యూ. (మల్టీ పర్పస్ హెల్త్ వర్కర్) ఫస్టియర్ చదువుతున్నాను. నర్సు కావాలని ఇష్టపడే చేరాను. కానీ అనాటమీ, ఫిజియాలజీ పుస్తకం తెరిస్తే నిద్రొస్తుంది. రాత్రి చదివిన పేర్లు పొద్దున బస్సెక్కేసరికి ఒక్కటీ గుర్తుండదు. మొన్న స్లిప్ టెస్టులో గుండె బొమ్మలో కుడి ఎడమలు తారుమారు చేసి రాశాను, క్లాసంతా నవ్వారు. ఫ్రెండ్సేమో గైడు బట్టీ పట్టు, పాసైతే చాలంటున్నారు. మా నాయనేమో సూది వేసే పనికి ఇంత చదువెందుకంటాడు. ఇది మానేసి సి.ఇ.సి.లో చేరమంటారా? నా పేరు వేయొద్దు.

సమాధానం: పేరు వేయడం లేదులే పాపా, ధైర్యంగా చదువు.

ముందు ఆ కుడి ఎడమల సంగతి తేల్చేద్దాం. నిన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది అదేనని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. నేను ట్రైనింగులో ఉన్నప్పుడు కంటి వార్డులో ఒక పెద్దాయనకు శుక్లం ఆపరేషన్. కుడి కంటికి చుక్కలు వేసి రమ్మన్నారు. వెళ్లి ఆయనకు ఎదురుగా నిలబడ్డాను. నా కుడిచేతి వైపు ఏ కన్నుందో ఆ కంటి రెప్ప పట్టుకుని సీసా వంచాను. చుక్క పడబోయే లోపల ఆయనే నా చెయ్యి పట్టుకుని, ‘ఆపరేషన్ ఈ కంటికి గదా పాపా’ అన్నాడు. సిస్టర్ చూడలేదు కాబట్టి తిట్లు తప్పాయి. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఎదురుగా ఉన్న మనిషి ఎడమ మన కుడి వైపుకు వస్తుంది. పుస్తకంలో బొమ్మ కూడా అంతే, అది నీకు ఎదురుగా నిలబడి అరచేతులు ముందుకు చాపిన మనిషి బొమ్మ. అందుకే గుండె ఎడమ భాగం కాగితం మీద నీ కుడిచేతి వైపు ఉంటుంది. దీన్ని తలతో అర్థం చేసుకోబోతే పరీక్ష హాల్లో మళ్లీ తిరగబడుతుంది. ఒక పని చెయ్. గుండె బొమ్మ పెద్దగా గీసి, కత్తిరించి, బొమ్మ బయటికి చూసేట్టు నీ ఛాతీ మీద పిన్ను పెట్టుకో. ఇప్పుడు బొమ్మ ఎడమ, నీ ఎడమ ఒకటే. అద్దం ముందుకు మాత్రం పోవద్దు, మళ్లీ గందరగోళం. రెండు రోజులు అలా చేస్తే ఇక జన్మలో తప్పు రాయవు. నవ్విన వాళ్లలో సగం మందికి ఇప్పటికీ ఈ సంగతి తెలియదని నా అనుమానం.

ఇక మీ నాయన ప్రశ్న. అది మంచి ప్రశ్నే, విసుక్కోవద్దు. సూది ఎక్కడ వేయాలన్నది మొత్తం అనాటమీయే అని చెప్పు. పెద్దవాళ్లకు పిరుదులో సూది వేసేటప్పుడు దాన్ని మనసులో నాలుగు భాగాలు చేసి, పైన, బయటి వైపున్న భాగంలోనే వేస్తాం. ఎందుకంటే నడుము నుంచి కాలికి దిగే సయాటిక్ నాడి లోపలి వైపు, కింది వైపు నుంచి పోతుంది. బొటనవేలంత లావుంటుంది. శరీరంలో అంతకంటే లావు నాడి లేదు. సూది దానికి తగిలితే కాలు చచ్చుబడవచ్చు, నడిస్తే పాదం వేలాడిపోవచ్చు. చంటిపిల్లలకు పిరుదులో కండ ఇంకా సరిగా పెరగదు, నాడేమో దగ్గరగా ఉంటుంది. అందుకే 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్ టీకాను తొడ మధ్యలో, ముందు నుంచి కొంచెం బయటి పక్కగా ఉన్న కండలోకి వేస్తారు. పుట్టగానే వేసే బి.సి.జి. టీకా ఎడమ భుజం మీద చర్మం పొరల్లోకే పోవాలి, కండలోకి దిగకూడదు. సరిగ్గా పడితే అక్కడ చిన్న తెల్లటి బుడిపె లేస్తుంది, లేచిందంటే నువ్వు సరైన పొరలో ఉన్నావన్నమాట. ఒకే పాపకు, ఒక మందు చర్మంలోకి, ఒకటి చర్మం కిందికి, ఒకటి కండలోకి. చర్మానికి ఎన్ని పొరలో తెలియని మనిషి చేతికి ఆ సిరంజి ఇస్తావా అని మీ నాయననే అడుగు.

కోర్సు మానొద్దు. సి.ఇ.సి. చెడ్డదని కాదు. నువ్వు ఇష్టపడి చేరిన దాన్ని ఒక స్లిప్ టెస్టు చూసి వదిలేయడం నాకు నచ్చలేదు, అంతే. నీకు రానిది సబ్జెక్టు కాదు, పేర్లు. పేర్లు ఎందుకు నిలవడం లేదంటే, నువ్వు వాటిని ఏ పనికీ కట్టకుండా విడివిడిగా మింగుతున్నావు. ముందు దారి తెలియాలి, ఆ తర్వాత దారిలో వచ్చే ఊళ్ల పేర్లు. మైదుకూరు నుంచి కడపకు రోజూ పోతావు కదా, మధ్యలో స్టాపులు ఎప్పుడైనా బట్టీ పట్టావా?

నెత్తురు దారి తీసుకుందాం. మీది కె.సి. కాలువ కింది పల్లె అయితే నీకు సగం పాఠం వచ్చినట్టే. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు మళ్లి కడప దాకా వచ్చే ఆ కాలువను చూడు. పెద్ద కాలువ, దాన్నుంచి చీలిన కాలువలు, పిల్ల కాలువలు, చివరికి మడి. గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని పెద్ద కాలువ. ధమనులు చీలికలు. మరీ సన్నబడిన ధమనికలు పిల్ల కాలువలు. మడి అంటే కేశనాళికలు. పైరుకు నీళ్లు అందేది మడిలోనే తప్ప పెద్ద కాలువలో కాదు కదా, కణానికి ఆక్సిజన్ అందేది కూడా కేశనాళికల్లోనే. మీ నాయన మడవ కట్టి ఈ మడికి ఆపి ఆ మడికి తిప్పుతాడే, ధమనికలు సరిగ్గా ఆ పనే చేస్తాయి. సంగటి తిని కూర్చుంటే నెత్తురు పేగుల వైపు ఎక్కువ పోతుంది. బస్సు కోసం పరుగెత్తితే కాళ్ల కండలకు మళ్లుతుంది. మడవలన్నీ ఒకేసారి బిగుసుకుంటే కాలువలో ఒత్తిడి పెరుగుతుంది, దాన్నే మనం బి.పి. అంటున్నాం.

కాలువ పోలిక ఒక చోట తెగిపోతుంది, అది కూడా తెలుసుకో. మడిలోకి పోయిన నీళ్లు సుంకేసులకు తిరిగి రావు. నెత్తురు తిరిగి వస్తుంది. మడి నుంచి సిరల్లోకి, పైనుంచీ కిందినుంచీ రెండు మహాసిరల ద్వారా గుండె పై గదైన కుడి కర్ణికలోకి. అక్కడి నుంచి కింది గది, అంటే కుడి జఠరిక. అక్కడి నుంచి ఊపిరితిత్తులకు. శుభ్రపడి నాలుగు సిరల ద్వారా ఎడమ కర్ణికకు, ఎడమ జఠరికకు, మళ్లీ బృహద్ధమనికి. కాబట్టి ఇక్కడ కాలువ వదిలేసి బావి మోటారు దగ్గరికి రా. మోటారు ఆగినప్పుడు పైపులో నీళ్లు వెనక్కి జారిపోకుండా ఫుట్‌వాల్వు ఉంటుంది కదా, గుండెలో అలాంటివి నాలుగున్నాయి. వాటిని ఎవరూ తెరవరు, ఎవరూ మూయరు. నెత్తురు ముందుకు తోస్తే తెరుచుకుంటాయి, వెనక్కి తోస్తే మూసుకుంటాయి. ఫుట్‌వాల్వు పోతే ఏమవుతుందో మీ నాయనను అడుగు. ఆయన చెప్పే జవాబును అలాగే ఇంగ్లిషులో రాస్తే వాల్వు లీకేజీ గురించిన ఆన్సరు.

ఇందులోనే పరీక్షల్లో పిల్లలను పడగొట్టే ఒక మెలిక ఉంది. ధమనిలో మంచి నెత్తురు, సిరలో చెడు నెత్తురు అని చిన్న క్లాసుల్లో నేర్పేశారు. అది మరిచిపో. గుండె నుంచి బయటికి పోయేది ధమని, గుండెకు తిరిగి వచ్చేది సిర. అందుకే కుడి జఠరిక నుంచి ఊపిరితిత్తులకు పోయే పుపుస ధమనిలో ఆక్సిజన్ తక్కువ నెత్తురే ఉంటుంది, అయినా అది ధమనే. దారి తెలిస్తే ఈ ప్రశ్న నీకు ప్రశ్నే కాదు.

నువ్వు తెలుగు మీడియం అని తక్కువ చేసుకుని రాశావు. తెలుగు నీకు చాలా చోట్ల సాయం చేస్తుంది, ఒకటి రెండు చోట్ల ముంచుతుంది. రెండూ చెబుతాను.

సాయం ఎక్కడంటే, ఊపిరితిత్తి అన్న మాట చూడు. తిత్తి అంటే కొలిమి దగ్గర గాలి ఊదే తోలు తిత్తి. అది గాలిని ఎలా లోపలికి తీసుకుంటుంది? ఎవరూ దాన్లోకి గాలి ఊదరు. దాన్ని సాగదీస్తే లోపల చోటు పెరుగుతుంది, బయటి గాలి తానే దూరుతుంది. శ్వాస కూడా అంతే. కడుపుకూ ఛాతీకీ మధ్య గొడుగులా ఉండే డయాఫ్రమ్ కిందికి దిగుతుంది, పక్కటెముకలు పైకి లేస్తాయి, ఛాతీలో చోటు పెరిగి ఒత్తిడి తగ్గుతుంది, గాలి వచ్చేస్తుంది. ఇంగ్లిషు పుస్తకం ఒక పేజీ తీసుకున్న సంగతిని మన పాతవాళ్లు పేరులోనే పెట్టేశారు.

ముంచేది ఎక్కడంటే, నరం అన్న మాట దగ్గర. మన పల్లెల్లో నరానికి సూది వేశారంటే అది సిర. నరాల బలహీనత అంటే నాడులు. కాలు నరం పట్టేసిందంటే చాలాసార్లు కండ, కొన్నిసార్లు కండను ఎముకకు కట్టే స్నాయుబంధం. ఒకే మాట, మూడు వేరువేరు వస్తువులు. ఒకటి నెత్తురు గొట్టం, ఒకటి కరెంటు తీగ లాంటిది, ఒకటి తాడు. ఇది చాలదన్నట్టు, పుస్తకంలో నాడి అంటే మెదడు, వెన్నుపాముల నుంచి వచ్చే తీగ, ఇంట్లో నాడి చూడటం అంటే మణికట్టు దగ్గర ధమని కొట్టుకోవడం! నోటుబుక్కులో నరం అన్న మాటే వాడకు. కానీ చెవిలో మాత్రం ఉంచుకో. రేపు నీ దగ్గరికి వచ్చే అవ్వ ‘నరాలు లాగుతున్నాయమ్మా’ అనే అంటుంది, ఆమె చెప్పేది ఆ మూడింట్లో దేని గురించో కనుక్కోవాల్సింది నువ్వే.

ఇంగ్లిషు పేర్ల భయానికి మన కడపలోనే మందుంది. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన బ్రౌన్ దొర, రాని భాషను ఒక్కో మాటగా పోగేసుకుని, 1852లో తెలుగు ఇంగ్లిషు నిఘంటువు అచ్చు వేయించాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరున గ్రంథాలయం ఉంది. వీలైతే ఒక మధ్యాహ్నం పోయి కూర్చో, చదువుకోవడానికి హాస్టల్ కంటే నయం. నువ్వూ ఒక చిన్న నిఘంటువు మొదలుపెట్టు. అయితే పేర్లు మొత్తంగా రాసుకోకు, ముక్కలు రాసుకో. చివర్లో ఐటిస్ వస్తే వాపు, ఎక్టమీ వస్తే కోసి తీసేయడం, ఎమియా వస్తే నెత్తురుకు సంబంధించింది. మొదట్లో నెఫ్రో కిడ్నీ, హెపటో కాలేయం, గ్యాస్ట్రో జీర్ణాశయం. ముప్పై నలభై ముక్కలు వస్తే ఎప్పుడూ వినని పేరు కూడా విడదీసి చెప్పగలవు.

అందులో హైపర్, హైపో అన్న జంటను ఎర్ర సిరాతో రాసుకో. హైపర్ ఎక్కువ, హైపో తక్కువ. చెవికి దాదాపు ఒకటే, పర్యవసానం మాత్రం పూర్తిగా వేరు. హైపోగ్లైసీమియా అంటే నెత్తురులో చక్కెర పడిపోయి మనిషికి చెమటలు, వణుకు. స్పృహలో ఉంటే వెంటనే తీపి ఇవ్వాలి. హైపర్‌కు ఇన్సులిన్ రాసే అవకాశం ఉంది. ఒకరిదొకరికి చేస్తే ఏమవుతుందో ఊహించుకో. ఇంకో చమత్కారం. ఇలియమ్ అని రెండున్నాయి, ఒకటి చిన్నపేగు చివరి భాగం, ఒకటి తుంటి ఎముకలో పై భాగం. పలికితే ఒకటే. ఇంగ్లిషు స్పెల్లింగులో మధ్యలో ‘ఈ’ అక్షరం ఉన్నది పేగు, ‘ఐ’ అక్షరం ఉన్నది ఎముక. ఈటింగ్‌లో ఈ ఉంది కాబట్టి అది పేగు. ఈ కిటుకు నాకు ఎవరూ చెప్పలేదు, రెండుసార్లు మార్కులు పోయాక నేనే కనిపెట్టుకున్నాను.

బట్టీ అసలే వద్దని నేను చెప్పను. కొన్ని బట్టీ పట్టాల్సినవే, వాటికి వేరే దారి లేదు. పెద్దవాళ్లకు 206 ఎముకలు, వెన్నుపూసలు మెడలో 7, ఛాతీ వెనక 12, నడుములో 5, మెదడు నుంచి వచ్చే నాడులు 12 జతలు, పెద్దవాళ్ల నాడి నిమిషానికి 60 నుంచి 100. వీటిని పొద్దున బస్సులో వల్లె వేసుకో. అయితే రాత్రి పదింటికి నిద్రకళ్లతో బట్టీ పట్టేది మానేయ్. ఆ టైముకు మీ జేజి దగ్గర కూర్చుని, అన్నం ముద్ద నోట్లో పెట్టిన కాడి నుంచి ఏమవుతుందో తెలుగులో కథలా చెప్పు. చెబుతూ ఎక్కడ ఆగిపోయావో నీకు రానిది అదే. పొద్దున ఆ ఒక్క ముక్కే పుస్తకంలో చూడు. జేజి మధ్యలో నిద్రపోయినా నష్టం లేదు.

ఫిజియాలజీకి పుస్తకం కంటే నీ ఒళ్లే మంచిది. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు మూడు వేళ్లు పెట్టి నాడి పట్టుకో. మెట్లెక్కి వచ్చి మళ్లీ లెక్కపెట్టు. గుండె ఒక్కసారి కొట్టుకుంటే దాదాపు 70 మిల్లీలీటర్ల నెత్తురు బయటికి పోతుంది, నిమిషానికి 72 సార్లయితే ఎంతో నువ్వే గుణించు. అయిదు లీటర్లు వస్తుంది. ఒంట్లో ఉన్న మొత్తం నెత్తురు కూడా ఇంచుమించు అంతే!

శ్వాస లెక్కపెట్టడంలో ఒక మర్మం ఉంది, అది నేను నవ్వులపాలై నేర్చుకున్నాను. ‘మీ ఊపిరి లెక్కపెడుతున్నానండీ’ అని పేషెంటుకు మర్యాదగా చెప్పాను. అంతే, ఆయన బిగబట్టి, పెద్దగా వదిలి, నా వంక చూసి, మళ్లీ బిగబట్టి... లెక్క ఎక్కడా కుదరలేదు. గుండెను మనం ఆపలేం, ఊపిరిని కాసేపు ఆపగలం. మెదడు కింది భాగం దాన్ని తనంతట తానే నడుపుతున్నా, మనసు మధ్యలో చెయ్యి పెట్టగలదు. అందుకే నాడి చూసి అయిపోయాక కూడా చెయ్యి వదలకుండా, ఇంకా నాడే చూస్తున్నట్టు నటిస్తూ ఛాతీ లేవడం లెక్కపెట్టాలి. చంటిపిల్లలకైతే నిండా ఒక నిమిషం, పాప ఏడవకుండా ఉన్నప్పుడు. రెండు నెలల లోపు పాపకు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40, ఆ అంకెను అందుకున్నా దాటినా అది వేగంగా ఊపిరి తీయడమే, వెంటనే డాక్టరుకు చూపించాలి. రేపు నువ్వు పల్లెల్లో ఇంటింటికీ తిరిగేటప్పుడు నీ దగ్గర ఎక్స్‌రే ఉండదు, ఈ లెక్క ఉంటుంది.

ఎండాకాలం వస్తోంది కాబట్టి ఓ.ఆర్.ఎస్. గురించి ఒక్క మాట. విరేచనాలైన పిల్లవాడికి ఉప్పు, నీళ్లు పోయాయి, ఉప్పు నీళ్లిస్తే చాలదా, చక్కెర ఎందుకు అని ఒక తల్లి నన్ను అడిగింది. మంచి తల్లి. చిన్నపేగు గోడలో ఉప్పులోని సోడియంను లోపలికి తీసుకునే ఒక ద్వారం ఉంది. అది గ్లూకోజు తోడుంటేనే సోడియంను రానిస్తుంది. ఆ రెండూ లోపలికి పోతే నీళ్లు వాటి వెంట పోతాయి. విరేచనాలప్పుడు కూడా ఆ ద్వారం పనిచేస్తుంది. ప్యాకెట్టు మొత్తం దాని మీద రాసినన్ని నీళ్లలోనే ఎందుకు కలపాలో, సగం ప్యాకెట్టు అంచనాగా ఎందుకు కలపకూడదో దీంతో అర్థమవుతుంది. పాళ్లు తప్పితే ద్వారం దగ్గర లెక్క తప్పుతుంది.

చివరగా ఒక ఆదివారం పని. మీ ఇంట్లో మాంసం తింటారనే అనుకుంటున్నాను, తినకపోతే ఈ పేరా వదిలేయ్. మటన్ అంగట్లో పొట్టేలు గుండెకాయ కోయకుండా మొత్తంగా ఇవ్వమను, పైన గొట్టాలు కొంచెం ఉంచి. ఒక గుర్దా, అంటే కిడ్నీ కూడా తీసుకో. గుర్దాను చిక్కుడు గింజను చీల్చినట్టు నిలువుగా చీలిస్తే బయట ముదురు అంచు, లోపల గోపురాల్లాంటి భాగాలు, మధ్యలో తెల్లటి గిన్నె. పుస్తకంలో ఉన్న కార్టెక్స్, మెడుల్లా, పెల్విస్ అవే. మన ఒంట్లో రోజుకు దాదాపు 180 లీటర్లు వడగట్టి, ఒకటిన్నర లీటరు మాత్రం బయటికి పంపేవి ఇలాంటి పిడికెడంత రెండు ముక్కలే.

గుండెకాయను కోయక ముందు కుళాయి కింద కడిగి, లావైన గట్టి గొట్టం, అంటే బృహద్ధమని ఏదో వెతుకు. దాన్ని పైకి పట్టుకుని నిదానంగా నీళ్లు పొయ్యి. నీళ్లు లోపలికి జారకుండా కాసేపు నిలబడతాయి. పైనుంచి చూస్తే మూడు చిన్న జేబులు ఉబ్బి ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. నేను చెప్పిన ఫుట్‌వాల్వు అదే. మీ నాయనను పిలిచి చూపించు. తర్వాత అడ్డంగా కోసి రెండు గోడలనూ వేళ్ల మధ్య పట్టుకుని చూడు. ఎడమ గోడ కుడిదానికంటే రెండు మూడింతలు మందంగా ఉంటుంది, ఎందుకంటే కుడిది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపితే చాలు, ఎడమది ఒళ్లంతటికీ పంపాలి. బొమ్మలో ఎటు చూసినా సరే, ఇక కుడి ఎడమలను నీ వేళ్లే చెబుతాయి.

కత్తి జాగ్రత్త. చేతులు సబ్బుతో కడుక్కో. చూడటం అయిపోయాక అవి పారేయకుండా మీ అమ్మకివ్వు, మిరియాలు వేసి వేపుడు చేస్తే బాగుంటాయి.